ఎందుకు, ఎప్పటిదాకా?

డాక్టరు చీటీ చదవగలిగేలా ఉండటం రోగి హక్కు అనీ, అది రాజ్యాంగం 21వ అధికరణం కింద వచ్చే జీవించే హక్కులో భాగమనీ 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు చెప్పింది. ఆ వార్త మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన రోజు అందరూ తెగ సంతోషపడ్డారు. కోడి గెలికినట్టుండే రాతల బాధ ఇకనైనా తీరుతుందని మా చిన్నాన్న రాశాడు. మందు పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలన్న నియమం 2016 నుంచే ఉంది. పట్టించుకున్నవాళ్ళు తక్కువ కాబట్టి కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మంచి తీర్పు, కాదనేవాళ్ళు ఉండరు.

నన్ను మాత్రం ఆ రోజంతా ఇంకో ఆలోచన వదల్లేదు. మా పెద్దమ్మ చీటీలన్నీ కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీసి ఇచ్చినవే. ఒక్క అక్షరం దగ్గర కూడా తడుముకోవాల్సిన పని లేదు. ఆ చీటీలు పట్టుకునే ఆమె మంచి నడక నడిచే మనిషల్లా గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. చీటీలో మందు పేరు, మోతాదు, పూటలు ఉంటాయి. ఇంకో రెండు విషయాలు దాదాపు ఎక్కడా ఉండవు. ఈ మందు ఎందుకు? ఎప్పటిదాకా? ప్రతి మందు పక్కనా ఈ రెండూ రాసి తీరాలన్నది నా అభిప్రాయం. కోరిక చిన్నదే. దాని చుట్టూ ఉన్న చిక్కులు ఆలోచిస్తూ పోతే ఈ పోస్టు ఇంత పొడవైంది.

పెద్దమ్మ మందుల సంచి

పెద్దమ్మది మదనపల్లె. పెదనాన్న పోయాక బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉండే మా అన్న దగ్గరికి వచ్చేసింది. అప్పటికే డెబ్బై దాటాయి. బీపీకి ఊళ్ళో డాక్టరు రాసిన ఆమ్లోడిపిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటోంది. ఇక్కడికొచ్చాక బీపీ ఎక్కువుందని ఒక డాక్టరు మోతాదు పెంచాడు. కొన్ని వారాలకు పాదాలు వాచాయి. ఆ మందు మోతాదు పెంచితే పాదాలు వాయడం చాలామందిలో కనిపించేదే. అయితే వాపు చూపించుకోవడానికి వెళ్ళింది వేరే క్లినిక్‌కి. మొదటి డాక్టరు ఆదివారాలు ఉండడు, అన్నకు ఆదివారం తప్ప సెలవు లేదు. ఆ క్లినిక్‌లో ఒంట్లో నీరు తీసే మాత్ర రాశారు. వాపు కొంచెం తగ్గింది. నెల తిరక్కుండానే లేచి నిలబడితే కళ్ళు తిరగడం మొదలైంది. ఈసారి చెవి-ముక్కు-గొంతు డాక్టరు. తిరుగుడు తగ్గడానికి సిన్నరిజిన్, రోజుకు మూడు పూటలు.

ఆ చీటీ అడుగున రెండు వారాల తరవాత మళ్ళీ కనిపించమని అచ్చయి ఉంది. మందు పక్కన మాత్రం ఎన్నాళ్ళు వాడాలో లేదు. తిరుగుడు కాస్త నెమ్మదించింది కాబట్టి మళ్ళీ వెళ్ళలేదు. మందు పనిచేస్తోందని, అదే చీటీ చూపించి షాపులో కొంటూ వచ్చారు. షాపువాళ్ళూ ఇస్తూ వచ్చారు. ఆరేడు నెలలు గడిచాక మా వదిన ఒకరోజు ఫోన్లో, "అత్తయ్య పిలిస్తే పలకడానికి కూడా టైం పడుతోంది, ముఖంలో నవ్వు లేదు" అంది. నేను వెళ్ళి చూసేసరికి పెద్దమ్మ చిన్న చిన్న అడుగులు వేస్తోంది, కుడిచెయ్యి వణుకుతోంది. పార్కిన్సన్స్ అయి ఉంటుందని ఎవరో చెప్పారు. న్యూరాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నారు.

అది పట్టుకున్నది వాళ్ళ వీధి చివర చిన్న క్లినిక్ నడిపే పెద్దాయన. జ్వరమని వెళ్తే, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నాడు. కన్నడ యాసతో మంచి తెలుగు మాట్లాడతాడు. బల్ల మీద స్ట్రిప్పులన్నీ పరిచి, ఒక్కొక్కటీ పైకెత్తి, "అమ్మా, ఇది ఎందుకు వేసుకుంటున్నారు?" అని అడిగాడు. బీపీ మాత్రకు పెద్దమ్మ ఠక్కున జవాబు చెప్పింది. తరవాతిదానికి "పెద్దాసుపత్రిలో ఇచ్చినారు" అంది. ఇంకోదానికి "ఇది రాత్రిపూటది నాయనా" అంది. అన్నకూ తెలియలేదు. సిన్నరిజిన్ స్ట్రిప్పు చేతికి రాగానే, ఎన్నాళ్ళ నుంచి అని అడిగి, ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. రక్తపరీక్షలో సోడియం బాగా తక్కువ వచ్చింది. నీరు తీసే మాత్రల వల్ల పెద్దవయసు ఆడవాళ్ళలో అలా పడిపోతుందట. ఆయన బీపీ మందు మార్చి, మిగతా రెండూ ఆపించి, ఆ వివరాలన్నీ న్యూరాలజిస్టుకు ఉత్తరం రాసిచ్చాడు. సిన్నరిజిన్ ఎక్కువకాలం వాడితే పెద్దవాళ్ళలో అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు రావచ్చని అక్కడా చెప్పారు. కొన్ని నెలలకు పెద్దమ్మ మళ్ళీ గుడిదాకా నడిచి వస్తోంది. చేతి వణుకు మాత్రం పూర్తిగా పోలేదు.

ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకో మందు రాయడాన్ని వైద్యంలో ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అంటారు. ఈ గొలుసులో తప్పు ఎక్కడ జరిగిందో వెతకాలని నేను చాలా ప్రయత్నించాను. బీపీ ఎక్కువుంటే మోతాదు పెంచడం సరైనదే. వాపు చూసిన డాక్టరుకు ఆమ్లోడిపిన్ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆయన అడిగాడో లేదో అన్నకు గుర్తులేదు. తిరుగుడుకు కొద్దిరోజులు సిన్నరిజిన్ ఇవ్వడం మామూలే. ఎవరి చీటీ వాళ్ళ గదిలో సరిగ్గానే ఉంది. ఆ చీటీ మీద "పాదాల వాపుకు" అనీ, "తిరుగుడుకు, 2 వారాలు మాత్రమే" అనీ ఉండి ఉంటే, అన్న కాకపోతే వదిన, వదిన కాకపోతే షాపులో కుర్రాడు ఎవరో ఒకరు ఆగి అడిగేవాళ్ళు. చదువుకున్న ఇల్లే అది. అడగడానికి పట్టు దొరకలేదు, అంతే.

ఆపడం ఎవరి పని?

ఆ పెద్దాయన దగ్గర తరవాత చాలాసేపు కూర్చునే అవకాశం దొరికింది. మందు మొదలుపెట్టడం కంటే ఆపడం ఎందుకు కష్టమో ఆయన చెప్పిన తీరు నా ఆలోచనను మార్చింది. వేరే డాక్టరు, అందులోనూ పెద్దాసుపత్రి స్పెషలిస్టు, రాసిన మందును వీధి డాక్టరు ఆపాడనుకోండి. రేపు ఆ మనిషికి పక్షవాతం వస్తే ఊరంతా ఈయన్నే నిలదీస్తుంది. ఆపకుండా కొనసాగిస్తే, దానివల్ల కడుపులో రక్తస్రావమైనా అది విధి అవుతుంది, ఈయన్ని ఎవరూ ఏమీ అనరు. కాబట్టి "కంటిన్యూ చేయండి" అని రాయడమే క్షేమం. ఎవరికి క్షేమమన్నది వేరే సంగతి. ఇది ఆయన పిరికితనం గురించిన మాట కాదు. నింద ఎటు పడుతుందో చూసుకుని నడవడం అందరమూ చేసేదే. ఆ మందు ఎందుకు మొదలైందో కాగితం మీద ఉంటే, ఆపడానికి ఆయనకొక ఆధారం ఉంటుంది.

రక్తం పలుచబడటానికి వేసుకునే ఆస్పిరిన్ సంగతే చూడండి. మన ఇళ్ళలో అరవై దాటిన చాలామంది గుండెకు మంచిదని రాత్రి భోజనమయ్యాక ఒకటి వేసుకుంటారు. గుండెజబ్బు లేని 19,114 మంది పెద్దవయసువాళ్ళతో ఆస్ట్రేలియాలో, అమెరికాలో చేసిన ఆస్ప్రీ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. చాలావరకు డెబ్బై పైబడినవాళ్ళే అందులో ఉన్నారు. రోజూ చిన్నమోతాదు ఆస్పిరిన్ వేసుకోవడం వల్ల వాళ్ళకు చెప్పుకోదగ్గ మేలు జరగలేదు, తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. అదే మాత్ర గుండెపోటు వచ్చినవాళ్ళకు, స్టెంటు వేయించుకున్నవాళ్ళకు ప్రాణరక్షణ. వాళ్ళు దాన్ని సొంతంగా ఒక్కరోజు కూడా మానకూడదు. స్ట్రిప్పు చూస్తే ఇద్దరిదీ ఒకటే. "స్టెంటు కోసం" అని పక్కన రాసి ఉన్నదానికీ, ఏ కారణమూ రాయలేనిదానికీ మధ్య ఉన్న దూరం కొన్నిసార్లు ఒక మనిషి ప్రాణమంత.

గ్యాస్ మాత్రలది ఇంకో దారి. ఏదో నొప్పుల మాత్రకు తోడుగా వారం పాటు రాసిన పాంటోప్రజోల్, నొప్పి పోయి ఏళ్ళయినా, పరగడుపున పళ్ళు తోముకోగానే వేసుకునే అలవాటుగా మిగిలిపోతుంది. ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, ఇంకా కొన్ని ఇబ్బందులున్నాయి. దాన్ని ఎవరు ఆపాలి? రాసినాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళం కదా.

రెండు ఊళ్ళ చీటీలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హానిని తగ్గించాలని ఒక పెద్ద పిలుపు ఇచ్చింది. తప్పించగలిగే తీవ్రమైన హానిని అయిదేళ్ళలో సగానికి తేవాలన్నది లక్ష్యం. ముందుగా చూడమన్న మూడు చోట్లలో రెండు నాకు బెంగళూరు తెలుగు ఇళ్ళ గురించే చెప్పినట్టు అనిపించాయి. ఒకటి, ఒకే మనిషి చాలా మందులు వాడటం. రెండోది, రోగి ఒక వైద్యుడి దగ్గర నుంచి ఇంకో చోటికి మారే సమయం.

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా అమ్మానాన్నలు ఉంటారు. మనవడి కోసం కొన్ని నెలలు ఇక్కడ, పంటలకో పెళ్ళిళ్ళకో కొన్ని నెలలు ఊళ్ళో. మూడు నెలల మాత్రలు ఊళ్ళోనే కొని డబ్బాలో పోసుకుని వస్తారు. అవి అయిపోతే ఇక్కడ కొంటారు. "అదే మందు, కంపెనీ వేరే" అంటాడు షాపతను. మా ఎదురింటివాళ్ళ నాన్నగారు ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న బీపీ మాత్రా, ఇక్కడ చూపించుకుంటే రాసిన బీపీ మాత్రా రెండూ కలిపి వేసుకున్నారు. పేర్లు వేరు కాబట్టి రెండు వేర్వేరు మందులని అనుకున్నారు. రెండిట్లోనూ ఉన్నది టెల్మిసార్టానే. స్నానాల గదిలో కళ్ళు చీకట్లు కమ్మి కూలబడ్డాక గానీ ఆ సంగతి బయటపడలేదు. రెండు చీటీల మీదా "బీపీకి" అని ఉంటే, ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, రెండు బీపీ మాత్రలు ఎందుకని తప్పకుండా అడిగేవారు.

మందు అసలు పేరు బ్రాండు పేరు కంటే పెద్దగా అచ్చువేయాలని 2018లో నియమం వచ్చింది కదా అనొచ్చు. వచ్చింది. కానీ షాపులో పది మాత్రల స్ట్రిప్పును కత్తెరతో కోసి నాలుగు ఇచ్చినప్పుడు పేరు ఉన్న ముక్క ఒకరికి, గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి పోతుంది. చేతికొచ్చేది వెండిరంగు రేకు, కాగితం కవరు మీద పెన్నుతో "1-0-1". మా వైపు షాపుల్లో చాలాచోట్ల కౌంటరు దగ్గర ఉండే పిల్లలు హిందీ మాట్లాడతారు. ఊరి నుంచి వచ్చిన అమ్మకు హిందీ రాదు. తల ఊపి, కవరు కొంగున ముడేసుకుని వస్తుంది.

ఉపవాసాల సంగతి కూడా చెప్పాలి. కార్తీక సోమవారం నక్షత్రం కనిపించేదాకా పచ్చి మంచినీళ్ళతో ఉండే ఆడవాళ్ళు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. కిందింటావిడ అలాంటి సోమవారం పొద్దున గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని టీ మాత్రం తాగింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చెమటలు, వణుకు, మాట తడబడటం. ఉపవాసపు నీరసమనుకుని పడుకోబెట్టారు. పై అంతస్తులో ఉండే నర్సు వచ్చి చక్కెర నీళ్ళు తాగించింది కాబట్టి సరిపోయింది. షుగరు మాత్రల్లో తిండి లేకపోయినా షుగరును కిందికి తోసేవి కొన్ని, అంత ప్రమాదం లేనివి కొన్ని ఉన్నాయని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ లెక్కలో అవన్నీ షుగరు మాత్రలే. "షుగరు దించడానికి, తిండి తినని రోజు వద్దు" అని చీటీలో ఒక్క వాక్యం ఉంటే ఆ సోమవారం అలా గడిచేది కాదు.

మోకాళ్ళ నొప్పుల మాత్రల గురించి రాస్తే అదొక పోస్టు అవుతుంది. ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, ఒంట్లో నీరు తీసే మందు, వాటికి తోడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. మొదటి రెండూ ఒకే మాత్రలో కలిపి వస్తాయి. మూడోది చీటీ లేకుండానే దొరుకుతుంది.

కాదనేవాళ్ళ మాట

డాక్టర్లకు టైం లేదనే మాట ముందుగా వస్తుంది. నిజమే. 67 దేశాల లెక్కలు కలిపి 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ప్రాథమిక వైద్యంలో డాక్టరు రోగికి ఇచ్చే సగటు సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఉన్న దేశాల్లో అది అయిదు నిమిషాలో, అంతకంటే తక్కువో. బెంగళూరు సాయంత్రపు క్లినిక్కులు ఏ వైపు ఉంటాయో చూసినవాళ్ళకు తెలుసు. అయినా మందుకు రెండు మూడు మాటలు అడుగుతున్నాం. నాకున్న అసలు భయం వేరే. రాయమని గట్టిగా అడిగితే, కంప్యూటరే అన్ని మందుల పక్కనా "డాక్టరు చెప్పినట్టు" అని నింపేస్తుంది. అప్పుడు గడి నిండుతుంది, సంగతి ఉండదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

గోప్యత గురించి ఒక స్నేహితురాలు చెప్పిన మాట నన్ను చాలా రోజులు ఆపింది. ఆమె డిప్రెషన్‌కు మాత్రలు వాడుతోంది. అత్తగారింట్లో తెలియదు. మందు పక్కన కారణం అచ్చయి ఉంటే షాపులో కుర్రాడి నుంచి ఆడపడుచు దాకా అందరూ చదువుతారు. హెచ్‌ఐవీ మందుల విషయం చెప్పనక్కర్లేదు. ఆమె భయం న్యాయమైనది. అందుకే కారణం రాయొద్దని రోగి కోరుకుంటే రాయకుండా ఉండే వీలు ఉండాలి, అది రోగి నిర్ణయం కావాలి. అదే సమయంలో దీనికి పూర్తిగా ఎదురు జరిగిన సంగతి కూడా నాకు తెలుసు. మా ఆఫీసులో ఒకాయన తల్లికి షుగరు వల్ల అరికాళ్ళలో మంటలు. దానికి తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాశారు. కొడుకు ఫోన్లో వెతికితే డిప్రెషన్ మందు అని వచ్చింది. తనకు పిచ్చి అనుకున్నారని ఆవిడ ఏడ్చి, మందు మానేసి, ఆ డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. "నరాల మంటకు" అన్న రెండు మాటలు ఆవిడ పరువునూ నిద్రనూ కాపాడేవి. కారణం దాచినప్పుడు జనం ఊహించుకునే కారణం ఒక్కోసారి అసలుదానికంటే దారుణంగా ఉంటుంది.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే బరువైన అనుమానం. "ఎప్పటిదాకా" అని రాస్తే జనం మందులు మానేయడం మొదలుపెడతారేమో. ఇప్పటికే అరవై దాటాక మాత్రలన్నీ ఆపేసి ఫలానా కషాయం తాగమని ఫార్వర్డులు తిరుగుతున్నాయి. మన దేశంలో మందులు ఎక్కువవడం కంటే అందకపోవడమే పెద్ద సమస్య అనేవాళ్ళ మాటనూ నేను తోసిపుచ్చలేను. ఐసీఎంఆర్ చేయించిన సర్వే 2023లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, బీపీ ఉన్నవాళ్ళు 31.5 కోట్లు. వీళ్ళలో ఎంతోమంది తమకు జబ్బు ఉందని కూడా తెలియకుండా తిరుగుతున్నారు. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఫిట్స్ మాత్రలు, చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు, గుండెకు వాడే బీటా బ్లాకర్లు అలాంటివి. కాబట్టి "ఎప్పటిదాకా" అన్న గడిలో ఎక్కువసార్లు రావాల్సిన జవాబు "ఆపకూడదు, ఏడాదికోసారి చూడాలి" అనేదే. బీపీ మాత్ర పక్కన అది అచ్చయి ఉంటే, బీపీ నార్మల్ వచ్చిందని సంబరపడి మానేసేవాళ్ళు తగ్గుతారు. ఇది నేను రుజువు చేయలేను. కానీ మానేసినవాళ్ళను అడిగితే చాలామంది చెప్పేది ఒకటే, "తగ్గిపోయింది కదా అనుకున్నాను" అని.

అన్ని రికార్డులూ ఆభా నంబరు (కేంద్రం ఒక్కో మనిషికి ఇచ్చే ఆరోగ్య ఖాతా సంఖ్య) కిందికి చేరితే ఈ గొడవే ఉండదనేవాళ్ళున్నారు. 2021లో దేశమంతటా మొదలైన ఆ పథకం బాగా నడవాలనే నా కోరిక. కానీ కారణం లేని పది జాబితాలను ఒకచోట చేరిస్తే కారణం లేని ఒక పొడవైన జాబితా వస్తుంది.

షాపులో ఉండాల్సిన మనిషి

మందు ఎందుకో రాసి ఉన్నా, దాన్ని చదివి ప్రశ్నించే మనిషి ఒకరు కావాలి. మన చట్టం ఆ మనిషిని ఎప్పుడో నియమించింది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. 2015 నాటి నిబంధనలు ఆయన చీటీని పరిశీలించాలనీ, మందు ఎలా వాడాలో రోగికి వివరించాలనీ చెప్తున్నాయి. గోడకు సర్టిఫికెట్ వేలాడుతుంది. దాని మీద ఉన్న ఫొటోలోని మనిషి కౌంటరు వెనక కనిపించే షాపులు ఎన్ని ఉన్నాయో మీ వీధిలో మీరే చూసుకోండి.

ఫార్మసిస్టు నిజంగా ఆ పని చేస్తే ఏమవుతుందో ఇంగ్లండులో పరీక్షించి చూశారు. 72 క్లినిక్కుల్లో జరిగిన ఆ ప్రయోగం పేరు పిన్సర్, ఫలితాలు 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. అన్ని తప్పులనూ ఒకేసారి వెతకలేదు వాళ్ళు. కడుపులో పుండు ఉన్నవాళ్ళకు రక్షణ లేకుండా నొప్పుల మాత్రలు, ఆస్తమా ఉన్నవాళ్ళకు బీటా బ్లాకర్లు, వృద్ధులకు రక్తపరీక్ష లేకుండా కొన్ని బీపీ మందులు, నీరు తీసే మందులు, ఇలా కొన్ని ప్రమాదాలను ఎంచుకున్నారు. ఫార్మసిస్టులు ఆ పేషెంట్ల జాబితా పట్టుకుని డాక్టర్లతో కూర్చుని సరిచేశారు. ఆరు నెలల్లో అలాంటి పొరపాట్లు గణనీయంగా తగ్గాయి. అయితే అక్కడ కొలిచింది చీటీలోని తప్పులను. మందుల సమీక్ష వల్ల ఆసుపత్రిలో చేరడాలు, మరణాలు తగ్గుతాయని చూపే ఆధారాలు ఇప్పటికీ అంత బలంగా లేవు. ఈ సంగతి దాచి నా వాదన గెలిపించుకోవడం నాకు ఇష్టం లేదు. పెద్దమ్మ చేతి వణుకు ఏ మరణాల లెక్కలోకీ రాదు, అయినా అది లెక్కించాల్సిన నష్టమేనని నేను అనుకుంటున్నాను.

ఆస్ట్రేలియాలో 2001 నుంచి, డాక్టరు సిఫారసు చేస్తే ఫార్మసిస్టు ఇంటికే వచ్చి మందుల డబ్బా అంతా చూసి నివేదిక ఇస్తాడు. ఖర్చు ప్రభుత్వానిది. అంత మనకు కుదరదంటారేమో. ఇంటికి వెళ్ళే మనుషులు మన పక్కనే ఉన్నారు. తమిళనాడు 2021 ఆగస్టులో మక్కళై తేడి మరుత్తువం పథకాన్ని కృష్ణగిరి జిల్లాలో మొదలుపెట్టింది, హోసూరు ఉన్న జిల్లాయే అది. బీపీ, షుగరు మాత్రలను ఇంటికి తెచ్చి ఇస్తారు. కర్ణాటక కూడా 2024లో కోలారు జిల్లాలో గృహ ఆరోగ్య పేరుతో ఇంటింటి పరీక్షలు మొదలుపెట్టింది. ఆ రెండు చోట్లా తెలుగు మాట్లాడే ఇళ్ళు బోలెడు. గడప దాకా వచ్చే ఆ కార్యకర్త, తను తెచ్చిన మాత్రలు ఇచ్చేముందు, "ఇంట్లో ఇంకేం మాత్రలు వేసుకుంటున్నావమ్మా, ఎందుకు వేసుకుంటున్నావు?" అని అడిగి, జవాబు దొరకని మందు పేరు రాసుకుని పీహెచ్‌సీ డాక్టరుకు చూపిస్తే చాలు. కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. ఆ కార్యకర్తల మీద ఇప్పటికే పని ఎక్కువ ఉందని నాకు తెలుసు, ఈ ప్రశ్నకు పట్టే టైమును లెక్కగట్టి జీతంలో చూపించాలి.

అప్పటిదాకా మనం అడగడం తప్ప దారి లేదు. అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళకు తోడుగా క్లినిక్కులకు వెళ్ళినప్పుడు, చీటీ చేతికి రాగానే, ప్రతి మందు పక్కనా ఎందుకో, ఎప్పటిదాకానో రాసివ్వమని నేను అడుగుతున్నాను. ఒక డాక్టరు, "నా మీద నమ్మకం లేకపోతే ఇంకెక్కడికైనా వెళ్ళండి" అన్నాడు. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి గిల్లింది, డాక్టరుకు కోపం తెప్పించానని. చాలామంది మాత్రం మారు మాట్లాడకుండా పెన్ను తీసి రాశారు. ఒకావిడ రాస్తూ రాస్తూ ఒక మందు దగ్గర ఆగి, పాత చీటీ మళ్ళీ చూసి, దాన్ని కొట్టేసింది. మా దగ్గరి నమ్మ క్లినిక్‌లో, అంటే కర్ణాటక ప్రభుత్వం నడిపే చిన్న క్లినిక్‌లో, నర్సు అడక్కుండానే కవర్ల మీద కన్నడలో "బీపీ", "షుగరు" అని రాసిస్తోంది. చదవలేనివాళ్ళ కోసం బొమ్మ వేస్తోంది.

నా విన్నపం రాష్ట్ర ప్రభుత్వాలకూ, కంప్యూటరు చీటీల సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకూ. మందు పేరు, మోతాదు, పూటల తరవాత ఇంకో రెండు గడులు పెట్టండి. రోగి వద్దంటే తప్ప అవి నింపకుండా చీటీ ప్రింటు కాకూడదు. కవరు మీద ఆ రెండూ రోగి చదవగలిగే భాషలో రావాలి. బెంగళూరులో అంటే కన్నడ, తమిళం, తెలుగు, ఉర్దూ, హిందీ, అడిగినవారికి అడిగిన భాషలో.